జీవరత్నం నోరు కట్టుకున్న ఆదివారం

గుణదల కొండ దిగువన కాపురముండే జీవరత్నం ఫిజిక్సు లెక్చరరు. విజయవాడలో ఒక కాలేజీలో పాఠాలు చెప్తాడు. మనిషి మంచివాడు, చుట్ట కాల్చడు, ఒకరి జోలికి పోడు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, శూన్యం. గాలితో సహా అంతా తోడేసిన చోట కూడా ఏదో మిగిలే ఉంటుందంటాడు. అక్కడ రెండు లోహపు రేకుల్ని, వెంట్రుక కూడా దూరనంత సందుతో ఎదురెదురుగా నిలబెడితే, ఎవరూ ముట్టుకోకుండానే దగ్గరికి జరుగుతాయంటాడు. వినేవాడు దొరికితే చాలు, ఎక్కాల్సిన బస్సు కళ్లముందే వెళ్లిపోయినా పట్టదు.

ఈ జబ్బు మూలంగానే ముప్పై దాటినా పెళ్లికాలేదు. పెళ్లిచూపులకు వెళ్లిన చోటల్లా, కాలేజీలో ఏం చెప్తారని ఎవరో మాటవరసకు అడగడం, ఇతగాడు అందుకోవడం, కాఫీలు చల్లారిపోవడం. కిందటిసారి పిల్ల నాయనమ్మ తేల్చేసింది. "ఏమీ లేనిదాని గురించే ఇంతసేపు మాట్లాడాడే, రేపు పప్పులో ఉప్పు తగ్గితే ఇంకెంత మాట్లాడతాడో!"

డెబ్భై అయిదు ఫిబ్రవరిలో, గుణదల కొండమీద మేరీమాత ఉత్సవాల్లో అతను మార్తను చూశాడు. గన్నవరం అవతలి పల్లెలో శౌరయ్య అనే రైతు కూతురు, బడిలో టీచరు. కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెట్టుకుని మెట్లెక్కుతోంది. ఆ సాయంత్రం జీవరత్నానికి శూన్యం గుర్తుకే రాలేదు. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలనిపించింది.

తల్లి తెరేసమ్మ కబురు పంపింది. అటు నుంచి ఆదివారం రమ్మన్నారు. బయల్దేరేముందు ఆవిడ కొడుకుని కొండమీదికి తీసుకెళ్లి మాత ఎదుట నిలబెట్టింది.

"సంబంధం ఖాయమయ్యేదాకా ఆ ఖాళీ గొడవ ఎత్తనని మొక్కుకోరా. ఎత్తావా, ఇక నీకు పెళ్లి చెయ్యడం నావల్ల కాదు."

అతను మనస్ఫూర్తిగా మొక్కుకున్నాడు.

అయితే శౌరయ్యకు వేరే భయం ఉంది. ఆయన అన్నగారి అల్లుడు ఇంజనీరునని చెప్పి పెళ్లిచేసుకున్నాడు. తీరా చూస్తే ఏ ఉద్యోగమూ లేదు. అప్పట్నుంచీ ఆయన వచ్చిన ప్రతి పెళ్లికొడుక్కీ పరీక్ష పెడుతున్నాడు. జీవరత్నం ఫలహారం ముందు కూర్చోగానే మొదలుపెట్టాడు.

"ఏం చెప్తారు బాబూ కాలేజీలో?"

"ఫిజిక్సండీ."

"అందులో మీరు బాగా చదివిందేంటి?"

జీవరత్నం జంతిక నోట్లో పెట్టుకున్నాడు. ఏ కరెంటు గురించో నాలుగు ముక్కలు చెప్పి బయటపడొచ్చు. కానీ ఎక్కడ మొదలుపెట్టినా తాను శూన్యం దగ్గరే తేలతానని అతనికి తెలుసు.

"చాలా ఉంటదండీ," అన్నాడు చివరికి.

"అందులో ఏదో ఒకటి చెప్పండి, వింటాం."

జంతిక అయిపోయింది. ఇంకోటి అందుకున్నాడు. తలుపు తెర వెనక మార్త ఉందని తెలుసు, అందుకే ఇంకా గాభరా. శౌరయ్య పెళ్లాం వైపు ఓ చూపు చూసి కండువా దులుపుకున్నాడు.

"సరే, తర్వాత కబురు చేస్తాంలెండి."

ఆ మాటకు అర్థం అందరికీ తెలిసిందే. అది తెరేసమ్మకు రోషం తెప్పించింది.

"మావాడికి తెలియకపోవడమేంటి అన్నయ్యగారూ! కాలవలో రెండు పడవలు పక్కపక్కన ఆగాయనుకోండి. మధ్య సందులో చిన్న అలలే పడతాయి. బయట చిన్నవీ పెద్దవీ అన్నీ కలిసి తోస్తాయి. అందుకని పడవలు దగ్గరకొస్తాయి. ఏమీ లేని చోట కూడా అట్టాంటి అలలుంటాయంట, అక్కడ రెండు రేకులు నిలబెడితే అవీ అట్టాగే దగ్గరకొస్తాయంట. ఇక మన పదార్థానికి సరిగ్గా ఎదురు పదార్థం ఇంకోటుందంట. ఆ ఖాళీలో ఇదీ అదీ జంటలుగా పుడుతుంటాయంట. మరి ఆ ఎదురు పదార్థంతో రేకులు చేస్తే అవీ ఇట్టాగే జరుగుతాయా, అని మావాడి ఆలోచన. ఇంకా ఎవరూ కొలిచి చూళ్లేదంట!"

జీవరత్నం నోరు తెరుచుకుని విన్నాడు. పదేళ్లుగా ఆవిడ కుట్టుమిషను తొక్కుతూ ఊ కొడుతుంటే, మిషను మోతలో తన మాటలు వినపడటం లేదనే అనుకున్నాడు. అమ్మ అంతా విన్నది.

శౌరయ్యకు హుషారు వచ్చింది. "మరి ఇదీ అదీ కలిస్తే ఏమవుద్ది చెల్లెమ్మా?"

కలిస్తే రెండూ నాశనమైపోతాయి. శక్తి తప్ప ఇంకేమీ మిగలదు. తెరేసమ్మకు అదీ తెలుసు. కానీ పెళ్లిమాటల మధ్య ఆ ముక్క ఏ తల్లి నోట వస్తుంది?

"చక్కగా ఒకటైపోయి కలకాలం ఉంటాయి అన్నయ్యగారూ."

జీవరత్నం కుర్చీలో ఎగిరిపడ్డాడు. ఆ జవాబు ఏ విద్యార్థి రాసినా సున్నా వేసి, పిలిచి మరీ తిట్టేవాడు.

"నిజమేనా బాబూ?" అన్నాడు శౌరయ్య.

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ కొంగు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"అక్షరాలా నిజమండీ," అన్నాడు.

సంబంధం అప్పుడే ఖాయమైంది. కానీ ఆ అబద్ధం అతన్ని నిద్రపోనివ్వలేదు. పెళ్లయిన వారానికి మార్త దగ్గర నిజం ఒప్పేసుకున్నాడు.

"ఆరోజే తెలుసండీ," అంది మార్త నవ్వుతూ. "మీరు కుర్చీలో ఎగిరిపడటం తెర సందులోంచి చూశాగా. అది తప్పని తెలిసీ, అత్తయ్యగారి మాట పోకూడదని ఒప్పుకున్నారు. అందుకేగా నేను సరేనన్నది."