తొడ మీద చెయ్యి

మోకాలి చిప్ప నొప్పి మీద మూడేళ్లుగా పరిశోధన చేస్తున్న ఫిజియోథెరపిస్టుని నేను. ఆ నొప్పి నాకూ ఉంది. హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సులో నేను కాలు చాపుకుని కూర్చోవడం, పక్కనున్న ముసలి నేతగాడు చూశాడు.

"ఏమప్పా, మెట్లు దిగేటప్పుడు నొస్తాదా?"

అవునన్నాను.

"మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పలకలు తొక్కే కొత్తోళ్లకూ ఇంతే. మోకాలితో తొక్కుతారు. మేం తొడ మీద చెయ్యి పెట్టి, ఈడ బిగిసేదాకా తొక్కమంటాం. చిప్ప దారికొస్తాది."

నా తొడ నొక్కి చూశాడు. "ఈడ బలమే లేదు కదప్పా!"

యంత్రాలతో కొలిచి కొలిచి నేను తేల్చింది అదే. కడుపు మండిపోయింది. పెనుకొండలో ఆయన కమ్మీ పట్టుకోకుండా చకచకా దిగిపోయాడు.

తొడ మీద చెయ్యి పెట్టే ఆ పద్ధతి ఇప్పుడు నా థీసిస్‌లో ఉంది. ఆయన పేరు లేదు. ఆ రోజు అడగలేదు. అడిగితే రాయాల్సి వచ్చేది.