ఖాజన్న ఎంచిన మోటారు

నా గుండెలో ఒక జొన్నగింజ ఇరుక్కుపోయి చాలా ఏండ్లయింది. గింజంతదే కదా అనుకుంటాను. పని చేసుకుంటాను, నవ్వుతాను, నిద్ర కూడా బాగానే పడుతుంది. కానీ మా ఆయన నోట ఖాజన్న పేరు వచ్చినప్పుడల్లా అది కదులుతుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

అప్పుడు మేము నందికొండలో ఉండేవాళ్ళం. మా ఆయన కాలువ మీద లష్కరు. తూములు తిప్పడం, గట్టు చూసుకోవడం ఆయన పని. మా మరిది దుబాయి నుంచి వస్తూ పిల్లలకని ఒక బొమ్మ లారీ తెచ్చాడు. తీగ లేకుండా, చేతిలో డబ్బా పట్టుకుని మీట నొక్కితే దూరం నుంచే నడుస్తుంది. పిల్లలకు నాలుగు రోజుల్లో మోజు తీరింది. మా ఆయనకు మాత్రం పట్టుకుంది. "మీసాలు నెరుస్తున్నయి, ఆటబొమ్మలు ఇడువకపాయె" అని పక్కింటి సాయమ్మ వదిన నా ముందే అనేది. ఆయన వినేవాడు కాదు.

ఆయనకు తోడు ఖాజన్న. రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే దుకాణం ఆయనది. ఆదివారం వస్తే ఇద్దరూ లారీని చంకన పెట్టుకుని కాలువ గట్టు దగ్గరికి పోయేవారు. అక్కడి నుంచి చాయ్ హోటల్ దాకా రోడ్డు ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తు మీదికి లారీని ఆగకుండా ఎక్కించాలని వాళ్ళ పంతం. సగం దాకా పోయి వెనక్కి జారేది. దుబాయి మోటారుకు అంత బలం లేదు.

మోటారు మార్చాలనుకున్నారు. ఏది వేయాలి? ఆ ఒక్క మాట మీద ఎన్ని సాయంత్రాలు గడిపారో! ఖాజన్న మా వాకిట్లో కూర్చుని రెండు మోటార్లను రెండు అరచేతుల్లో పెట్టుకునేవాడు. ఒకటి పాత టేపురికార్డరులోంచి తీసింది. వేడెక్కదు, చప్పుడు చేయదు, కానీ బలం తక్కువ. రెండోది పట్నంలో వెతికి తెచ్చింది. బొటనవేలంత లావు, మంచి ఊపు.

"గిది ఎక్కుతది భాయ్. కానీ కోపమెక్కువ దీనికి. బండి ఆగిపోతే మీట ఇడిచిపెట్టాలె. పట్టుకోనుంటే లోపల కాలుతది" అన్నాడు. మోటార్లలో బ్రష్షులని ఉంటాయట, అవి రాసుకుని రాసుకుని అరుగుతాయట. "బ్రష్షుల్లేని మోటార్లు సుత ఉంటయంట. అవి మన దాక రాలె ఇంకా."

"వస్తయి తియ్యి, నీ పండ్లు ఊడినంక" అన్నాడు మా ఆయన.

పట్నం మోటారే వేశారు. మొదటి రోజే లారీ వాకిలంతా గిరగిరా తిరిగింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా కావలించుకున్నారు. నేను చాయ్ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాను. మీట గురించి ఖాజన్న చెప్పిన జాగ్రత్త కూడా విన్నాను. వినలేదని ఇప్పుడు అనలేను.

ఆ మరుసటి ఆదివారం ఎత్తు ఎక్కించాలని అనుకున్నారు. దానికి ముందు ఒక మధ్యాహ్నం ఆయన డ్యూటీకి, పిల్లలు బడికి పోయారు. వాకిట్లో జొన్నలు ఎండపోసి ఉన్నాయి. నేను ఆపుకోలేకపోయాను. అల్మారా మీది నుంచి లారీ కిందికి దించాను.

మొదట ఊరికే నడిపాను. పోయింది. తిరిగి రమ్మంటే వచ్చింది. నా పెళ్ళికి ముందు కూడా నేను ఆడుకున్న గుర్తు లేదు. తమ్ముళ్ళను ఎత్తుకోవడం, మేకల వెంట పోవడం, అంతే. నేను చెప్పినట్టు నడిచే వస్తువు నా చేతికి రావడం అదే మొదలు. చాటకు తాడు కట్టి లారీకి తగిలించి, దాన్నిండా జొన్నలు పోసి అర్ర దాకా లాగించాను. లాగింది! పకపకా నవ్వాను, ఒక్కదాన్నే. ఇంకో చాటెడు. అంతటితో ఆపాల్సింది. ఇది ఎంత లాగుతుందో చూద్దామని రోట్లో పొత్రం తెచ్చి చాటలో పెట్టాను.

చక్రాలు కదలలేదు. లోపల మోటారు గుయ్యిమంది. నేను మీట వదలలేదు. ఎందుకు వదలలేదు? తెలియక కాదు. అది గెలవాలనుకున్నాను. లక్క గాజులు కాలిన వాసన వచ్చాక గానీ నా వేలు లేవలేదు.

లారీని తుడిచాను. కొంగుతో విసిరాను. వాసన పోయాక అల్మారా మీద ఎప్పటిలాగే పెట్టాను.

ఆదివారం గట్టు దగ్గర జనం బాగానే చేరారట. లారీ నాలుగు బారలు పోయి పొగ వదిలి ఆగిపోయిందట. "లష్కర్ సాబ్, డీజిల్ అయిపోయిందా?" అని చాయ్ హోటల్ ఆయన అరిచాడట. అందరూ నవ్వారు. మా ఆయన అందరి ముందూ ఖాజన్నను పట్టుకుని, "దోస్తువని నమ్మితే కబాడీ సామాను అంటగట్టినవ్ గద ర" అన్నాడు. ఇంటికొచ్చి అదే మాట నాకు చెప్పాడు. నేను అన్నం వడ్డించాను.

మర్నాడు ఖాజన్న వచ్చి వాకిట్లో కూర్చుని లారీ విప్పాడు. మా ఆయన బయటికి రాకుండా లోపలే పడుకున్నాడు. నేను చాయ్ ఇచ్చాను. ఖాజన్న పండ్లచక్రాల సందులోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టి నా ముందు చాపాడు. జొన్నగింజ.

"వదినె, మీ లారీ జొన్నలు తింటదా?"

"ఎలుకలేమో ఖాజన్న" అన్నాను.

ఆయన నా ముఖం వైపు చూసి, మెల్లగా నవ్వాడు. "ఎలుకనే. కాకపోతే గీ ఎలుకకు లారీ నడుపుడు షోకు ఉన్నట్టున్నది."

గింజను అంగీ జేబులో వేసుకున్నాడు. లోపలికి వినబడేలా గొంతు పెంచాడు. "భాయ్, తప్పు నాదే. నేను ఎంచిన మోటరే మంచిది కాదు."

అప్పుడు నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. దెబ్బలకు భయపడ్డానా? మా ఆయన చేయి చేసుకునే మనిషి కాదు. నవ్వుతారని భయపడ్డాను. మగవాళ్ళు మీసాలు నెరిసినా ఆడుకోవచ్చు; ఇద్దరు పిల్లల తల్లి జొన్నల మధ్య గొంతుక్కూర్చుని బొమ్మ లారీ నడిపిందంటే వాడ వాడంతా చెప్పుకుంటుంది, ఆ మధ్యాహ్నం ఇక నాది కాకుండా పోతుంది. దాన్ని దాచుకోవడానికి ఒక మనిషి పనితనాన్ని బలి పెట్టాను. ఎంత కడిగి చూసుకున్నా మిగిలేది ఇదే.

ఆ తర్వాత ఆదివారాలు లేవు. ఖాజన్న రావడం తగ్గించాడు. కొన్నాళ్ళకు దుకాణం ఎత్తేసి భార్య వాళ్ళ ఊరు మక్తల్ పోయాడు. పోయేముందు గుమ్మం దాకా వచ్చి, "వదినె, పోయొస్త. లారీకి బువ్వ పెట్టుడు మర్వకు" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వే నన్ను ఇప్పటికీ పొడుస్తుంది.

ఇప్పుడు లారీలో టేపురికార్డరు మోటారు ఉంది. చదును నేల మీద మెల్లగా పోతుంది. నిజం చెప్పాలి కదా, ఎవరూ లేనప్పుడు ఇప్పటికీ నడుపుతాను. ఆ మధ్యాహ్నం ఆడుకున్నందుకు నేను బాధపడటం లేదు. అది నా బతుకులో మంచి రోజు.

మా ఆయన లారీ దుమ్ము దులిపినప్పుడల్లా "ఖాజాకు మోటరు ఎంచుడు రాకపాయె" అంటాడు. ఈ మధ్య ఇంకో మాట చేరుస్తున్నాడు: "అయితేంది, గసుంటి దోస్తు మల్ల దొరకలె."

తల నెరిసే వయసులో రాత్రిబడికి పోయి రాయడం నేర్చుకున్నాను. నేను ఏది రాసినా మా ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని దిద్దుతాడు. ఇదీ ఆయన చేతికే ఇస్తాను. చదివి ఏమంటాడో తెలియదు. మక్తల్ బస్సెక్కుతాడో, నాతో మాట్లాడటం మానేస్తాడో. దీర్ఘాలు, ఒత్తులు ఎన్నైనా దిద్దుకోనీ. ఈ మాటలు మాత్రం ముట్టనివ్వను: ఖాజన్న ఎంచిన మోటారు మంచిదే. కాల్చింది నేను.