ముగ్గుపిండితో గీసిన ఊరు

నేను ఆబిడ్స్‌లో పుట్టి పెరిగినదాన్ని. జొన్న చేనుకూ గడ్డికీ తేడా తెలియని నన్ను, నాంపల్లి స్టేషన్ వెనక ఉన్న కిరాయి ఇళ్లలోకి కోడలిగా పంపారు. ఒకే వాకిలి చుట్టూ ఉన్న ఆ ఇళ్లలో అందరూ గొడవల రోజుల్లో ఊరొదిలి వచ్చిన రైతులే. మగవాళ్లు స్టేషన్‌లో మూటలు మోసేవారు, ఆడవాళ్లు కూరగాయలు అమ్మేవారు. మా మామ అప్పటికే పోయాడు. ఇంటి పెద్దరికం అత్తదే.

నా పెళ్లయిన ఏడాదే కబురొచ్చింది. సర్కారు బీడు భూమి ఇస్తుందట, కొత్త ఊరు కట్టుకోవచ్చట. కాకపోతే అన్ని ఇళ్లవాళ్లూ కదలాలి, ఒక్కరు ఆగినా ఆ భూమి వేరేవాళ్లకు పోతుంది. అందరూ సరేనన్నారు. హోటల్లో చాయ్ కాచే మా చినమామ మాత్రం రానన్నాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నాకు మాత్రం లోలోపల సంబరమే. ఆయన మొండితనం పుణ్యమా అని పట్నం వదలక్కర్లేదు కదా!

ఒక ఆదివారం పొద్దున అత్త వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గుపిండి పట్టుకుని కూర్చుంది. ఆ బీడంతా కాలినడకన తిరిగొచ్చిన మనిషి. చుక్కలు పెట్టకుండా వంపుగా ఒక గీత లాగింది.

"గిది చెరువు. గీ మీది గడ్డ ఎవ్వలూ దున్నొద్దు. చెట్లుంటెనే చెరువుల నీళ్లు నిలుస్తయి."

తర్వాత పశువుల బాట వచ్చింది. చేలకు దగ్గరగా పెంటకుప్పలు, ఇళ్లలో వాడిన నీళ్లు పారే చోట కూరపాదులు వచ్చాయి. ఏదీ వృథా పోవడం లేదు. మా పుట్టింట్లో ముగ్గంటే గుమ్మానికి అందం, అంతే. ఇక్కడ నా కళ్లముందే ఒక ఊరు లేస్తోంది. ఒళ్లు గగుర్పొడిచింది. ఎవరూ చెప్పకుండానే అందరూ చెప్పులు విడిచి, గీతలకు అవతల నిలబడ్డారు.

చివరికి చేలను వాటాలు చేసింది. ఒక వాటా నిండా పిండి చల్లి, "గివి రాళ్లు" అంది.

చినమామ గొంతు లేచింది. "గందుకే రానంటున్న వదినె! నోరు లేనోనికే రాళ్లొస్తయి. ఊర్ల గట్లనే అయింది నాకు."

"పంచినోళ్లు ఆఖరుకు తీస్కోవాలె. మన తాన రివాజు గదే గద," అంది అత్త. "పంచింది నేను. నువ్వు అందరికన్నా ముందు తీస్కో."

ఆయన వంగి, చెరువు కింది వాటా మీద చెయ్యి పెట్టాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే తీసుకున్నారు. రాళ్ల వాటా మిగిలింది. అత్త ముఖంలో ఏ మార్పూ లేదు.

"వస్త వదినె," అన్నాడు చినమామ తల వంచుకుని.

అప్పుడు తట్టింది నాకు, ఆ రాళ్లు నావి కూడా అని.

"అక్కడ ఏం పండుతుంది అత్తమ్మా?"

"సీతాఫలం రాళ్లలనే వస్తది బిడ్డా. నేను పెడ్త. నాకు అందకపోతే నీ పిల్లలు తింటరు."

అంత పెద్ద మనసును నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. ఏడుపు ఆగలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఎప్పుడు వెళ్దాం?" అని అడిగాను.