బంతిల ఒక సీసను దాటలేక

నేను చెప్పేది అబద్ధమనేటోళ్లు ఇప్పుడే చెయ్యి లేపుండ్రి. చాయ్ తాగినంక అనుమానపడితే ఒప్పుకోను. మొన్న ఒక పిల్ల కొలువును ఒక్క చుక్కతోని ముంచిన. అదీ మేలు చేద్దామనే!

నల్లగొండ కాలేజీ లాబ్‌ల ముప్పై ఏండ్లు అటెండర్‌గ చేసిన. రిటైరైనా నేను పోకుంటే ఆ తలుపు తెరుచుకోదు. అంతకు మించిన పేరు నాకు వడ్డనల ఉన్నది. ఐదువేల మంది బంతిల కూసున్నా ఒక్క ఇస్తారాకు దాటలేదు. దినాలకు పోతే, పోయినాయన గూడ లేచి ఇంకింత పప్పు అడుగుతడేమోనని ఇంటోళ్లు భయపడేది.

సరితది హాలియా. ఎమ్మెస్సీ ఆఖరు ప్రాజెక్టు. తెల్లారితే బయటి నుంచి ఎగ్జామినర్ వస్తడు. పాసైతే పాలకేంద్రం లాబ్‌ల కొలువు తయారుగ ఉన్నది. రెండు సీసలల్ల ఒకటే తీరు బ్యాక్టీరియా పెంచింది. మొదటిదాంట్ల పెరాక్సైడ్, అంటే వాటిని చంపే మందు, ఒక్క చుక్క వేసి, గంట ఆగి రెండింట్ల గట్టి మోతాదు పోస్తనన్నది. జర చూస్తుండు తాతా అని బువ్వకు పోయింది.

నేను చూసిన. మొదటిదానికి చుక్క పడ్డది, పక్కదానికి పడలే. కంగారుల పక్కదాని మాటే మరిచింది పిల్ల అనుకున్న. బంతిల ఒకరికి వడ్డించి పక్కోన్ని దాటితే ఎంత పాపం! నా చేయి ఆగలే. రెండోదాంట్ల గూడ కొలిచినట్టు ఒక్క చుక్క వేసిన.

సరిత వచ్చి రెండింట్ల గట్టి మోతాదు పోసి, ఒక్కో సీసది ఒక్కో ప్లేట్ల పరిచి పెట్టింది. తెల్లారి చూస్తే రెండు ప్లేట్ల నిండ బ్యాక్టీరియా తెల్లటి చుక్కలు. అన్నీ బతికినయని నేను మురిసిన. సరిత మాత్రం రెండో ప్లేటు పట్టుకొని నా దిక్కు తిరిగింది.

"రెండోదాంట్ల ఒక్కటి గూడ బతకొద్దు తాతా. నువ్వేమన్న వేసినవా?"

"ఒక్క చుక్కనే బిడ్డా. దాన్నెందుకు దాటాలె?"

అప్పుడు చెప్పింది. ఆ చిన్న చుక్క తగిలితే లోపల జీన్ మేలుకొని విరుగుడు తయారు చేయిస్తదట. గట్టి మోతాదు పడేసరికి అవి కవచం కట్టుకొని కూసుంటయట. చుక్క దొరకని సీస చావాలె, అదే ఆమె చూపియ్యాల్సిన రుజువు. నేను శత్రువుకు ముందే కబురు పంపిన.

ఎగ్జామినర్ ముందు నిలబడి తప్పు నాదేనన్న. నా వడ్డన చరిత్రంత చెప్పిన. ఆయన ఓపికగ విన్నడు, నవ్విండు, మళ్లొచ్చే పరీక్షలల్ల చేసుకోమని రాసిండు. పాలకేంద్రమోళ్లు అన్ని దినాలు ఆగలే. ఆ కుర్చీల ఇంకెవరో కూసున్నరు. సరిత నన్ను తిట్టలే. తిడితే ఇంత బాధ ఉండకపోతుండె. ఐదువేల మందికి పెట్టిన చేయి ఒక్క పిల్ల నోటికాడి కూడు తీసింది.

ఇంకా నమ్మకుంటే హాలియా సరితను అడుగుండ్రి. జర దూరం నుంచే అడుగుండ్రి. నా పేరు వినేసరికి ఆమె చేతిల ఏ సీస ఉంటదో నేను చెప్పలేను.