అవ్వ వెయ్యని వేలిముద్ర

మా అమ్మాయి ఈ ఏడు బడిలో స్కౌటు దళంలో చేరింది. మొన్న కర్నూలులో మా ఇంటి బాల్కనీలో దాని స్కార్ఫుకు గంజి పెట్టి ఆరేస్తుంటే, ఆ పులిసీ పులవని వాసన ముక్కుకు తగిలి, ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. గంజి వాసనకు భయపడే మనిషిని లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మాది ఆదోని దిక్కు పల్లె. పొద్దున జొన్నరొట్టె, రాత్రికి కొర్రబువ్వ. వరి బువ్వ ఉడికేది పండగకో, చుట్టాలొస్తేనో. అందుకని చిన్నప్పుడు నేను స్కౌటు దళంలో ఉన్నప్పుడు నా స్కార్ఫుకు గంజి దొరకడమే గగనం. ఇంట్లో వరి ఉడికిన రోజు మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఆ గంజిని చెంబులో వంచి, స్కార్ఫు ముంచి, పిండి, మిద్దె మీద రాళ్ళు పెట్టి ఆరేసేది. ఆరేస్తూనే స్కౌటు సారును తిట్టేది. "ఊరికెనే ఎవురన్న ఇంత శాకిరీ చేస్తారా పాపా? ఏందో ఉండాది ఆయప్ప కడుపులో" అనేది. అనుమానం మా ఇంటి ఆస్తి. పొలం పోయినా అది పోలేదు.

పొలం ఎట్లా పోయిందంటే, అవ్వ మరిది బావి లోనుకని చెప్పి ఆమెతో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. తీరా చూస్తే అది నల్లరేగడి చేను అమ్మకం కాగితం. అప్పటినుంచి అవ్వ ఎవరేమి చెప్పినా, ఎక్కడా వేలు వెయ్యలేదు. చివరికి రేషను కిరసనాయిలుకు కూడా మా అమ్మనే పంపేది.

స్కౌటు సారు మా బడి అయ్యవారు కాదు. కడప దిక్కు మనిషి, పక్క మండలంలో ఏదో ఉద్యోగం, శనివారం మధ్యాహ్నం ఎర్రటి ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. ఆడపిల్లలం, మగపిల్లలం కలిసి ఇరవై మందిమి ఉత్తకాళ్ళతో, చేతిలో వెదురు కట్టెలతో వరసగా నిలబడితే ఈల ఊదేవాడు. దళం పిల్లలది కాదు, ఇండ్లది అనేవాడాయన. వారానికొక ఇంటివాళ్ళు బొరుగులు నానేసి ఉగ్గాని కలిపి తేవాలి. పచ్చిమిరపకాయ ఘాటు, పుట్నాలపొడి వాసన బడి వసారా అంతా కమ్ముకునేది. ముడులు నేర్పడానికి ఒక గొర్రెల కాపరి తాతను పిలిచాడు. ఆ తాత తాడుతో వేసే ముడి చూసి, పుస్తకంలోవి ఇంత గట్టివి కావని సారే దండం పెట్టాడు. మా నాయన కూడా ఒకసారి వచ్చి, ఎద్దుకు పగ్గం కట్టినట్టు నా నడుముకు కట్టి అందరినీ నవ్వించాడు.

ఊరు మాత్రం నవ్వుతూనే అనుమానించేది. ఓట్లకు నిలబడతాడని కొందరు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనుషుల్ని వెతుక్కుంటున్నాడని కొందరు. మా సీమలో కట్టెలు పట్టించి పిల్లల్ని వరసగా నడిపిస్తే ఇంకేమనుకుంటారు? ఏ పార్టీ తరఫున వచ్చాడోనని రచ్చబండ మీద రోజూ పంచాయితీ.

ఆ ఏడు ఉగాదికి దళం నల్లమల మొదట్లో మూడు దినాలు మకాం పెట్టాలని సారు నిర్ణయించాడు. శ్రీశైలానికి కన్నడం వాళ్ళు గుంపులు గుంపులుగా నడిచిపోతారు కదా, కాళ్ళు బొబ్బలెక్కి, నాలుక పిడచగట్టి. వాళ్ళకు మేము నీళ్ళూ మజ్జిగా పొయ్యాలి. నేను అడవి చూడలేదు. చుట్టూ చెట్లే ఉండే చోటు ఎట్లా ఉంటుందో ఊహకు కూడా అందేది కాదు. అక్కడికి పోకపోతే చచ్చిపోతాననిపించింది, నిజంగా.

అయితే ఒక షరతు. నలభై దినాలు రోజుకొక మంచిపని చేసి, 'మేలు పుస్తకం'లో రాసి, ఇంటి పెద్దతో సంతకమో వేలిముద్రో వేయించుకోవాలి. మా అమ్మా నాయనా అప్పుడే మిరపకోతలకు గుంటూరు దిక్కు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయారు. ఇంట్లో మిగిలిన పెద్ద అవ్వ ఒక్కతే. కాళ్ళు పట్టుకుని అడిగాను. "నా పేణం అడుగు, ఇస్తా. ఏలు మాత్రం అడగొద్దు" అంది.

మంచిపనులు నేను నిజంగానే చేశాను. ముసలివాళ్ళకు నీళ్ళు మోశాను, పొరుగింటి మేకను వెతికి తెచ్చాను. ముద్ర ఒక్కటే దొంగది. దీపం మసిలో ఆముదం చుక్క కలిపి మొదట నా చేతి బొటనవేలు వేసి చూశాను. చిన్నపిల్ల వేలని ఇట్టే తెలిసిపోతోంది. పెద్దదిగా కనబడాలని కాలి బొటనవేలు ఒత్తాను. భేష్! రోజూ గాదె చాటున కూర్చుని, పుస్తకం నేలమీద పెట్టి, కాలితో ముద్ర. అట్లా నలభై.

మకాముకు ముందు శనివారం ఇంటివాళ్ళందరినీ బడికి పిలిచారు. బస్సుదాకా బండి ఎవరు కట్టాలో, కుండలు ఎవరివో తేల్చాక, సారు నా పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. "అందరికంటే ఈ అవ్వ మేలు. నలభై దినాలు, ఒక్క దినం తప్పకుండా ఏలిముద్ర ఏసింది" అని చప్పట్లు కొట్టాడు.

అవ్వ దిగ్గున లేచింది. "యాడిది ఏలిముద్ర? నేనెప్పుడు ఏస్తి?" సారు పుస్తకం చూపించాడు. అవ్వ జనం వైపు తిరిగింది. "సూడండప్పా! ఒక్కతూరి గూడా నేను ఏలెయ్యలేదు. నా ఏలు దీంట్లోకి యాన్నుంచి వచ్చె? ఊరికెనే చేస్తాండానంటివే, ఇందుకేనా?" ఆమె గొంతులో పోయిన చేను మొత్తం పలికింది. వెనకనుంచి ఎవరో "నేను మొదట్నుంచి చెప్తానే ఉండా" అన్నారు.

సారు ఆ ముద్ర పక్కన తన బొటనవేలు పెట్టి చూసుకున్నాడు. తర్వాత తలెత్తి వరసలో ఉన్న నా వైపు చూశాడు, నా కాళ్ళ వైపు చూశాడు. కడిగినా పోని మసి. నేను చెప్పేస్తానని కాసేపు ఎదురుచూశాడనుకుంటాను. నేను ఆ కాలిని రెండో కాలి వెనక్కి లాక్కున్నాను. ఆయన పుస్తకం మూసి, "తప్పు నాదేనవ్వా" అన్నాడు, అంతే.

ఎవరి పిల్లల్ని వాళ్ళు రెక్క పట్టుకుని లాక్కుపోయారు. బండి కడతానన్నాయన కట్టనన్నాడు. మరుసటి శనివారం సారు వచ్చి, ఒక్కడే మైదానంలో నిలబడి ఈల ఊదాడు. మిద్దె మీద పిట్టగోడ చాటునుంచి చూశాను. మూడుసార్లు ఊది, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

కాలేజీలో చేరాక ఒక సెలవులో, అవ్వా నేనూ చెనిక్కాయలు ఒలుస్తుంటే, ఏడుస్తూ అంతా చెప్పేశాను. అవ్వ చేయి ఆపలేదు. "తెల్సు పాపా. అరిసినంక నీ కాలు సూస్తి. నలుగుర్లో నిన్ను దొంగదాన్ని చేసేదెట్ల? ఆయప్ప పొరుగూరోడు, పోతాడులే అనుకుంటి" అంది. ఒలిచిన గింజలు చేటలో పోసి, "పాపం చేస్తిమి" అంది. ఆమె మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, దానికంటే ఎక్కువ నామీద నాకు.

ఇప్పుడు అవ్వ లేదు. ఆ బడిలో దళం లేదు. కన్నడం వాళ్ళు మాత్రం నేటికీ నడుస్తూనే ఉన్నారు, ఎవరో ఆటోల్లోంచి నీళ్ళ పాకెట్లు అందిస్తుంటారు. ఆ గంజి వాసన తగిలాక, నిన్న ఊరికి వెళ్ళి, ఎట్లాగైనా సారును కనుక్కుని క్షమించమని అడగాలని ఇంటింటికీ తిరిగాను. అప్పటి హెడ్మాస్టరు కాలం చేశాడు. రచ్చబండ మీద ముసలివాళ్ళు ఆయన్ను బాగానే గుర్తుపట్టారు. ఈ పార్టీ మనిషని ఒకరు, కాదు ఆ పార్టీ అని ఇంకొకరు గొంతు చించుకుని వాదులాడుకున్నారు. ఆయన పేరేమిటో మాత్రం ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు.