చింతపండుతో తోమిన ఫిల్టర్

"అక్కా, నువ్వు పక్కన లేకపోతే నాకు నోరు పెగలదు" అని మా పిన్ని కూతురు స్వప్న ఫోన్ చేయడమే ఈ ప్రయాణానికి కారణం. తను రాయపూర్‌లో ఊక కలిపిన మట్టిని కాల్చి, బోరు నీటిలోని తుప్పును పట్టే ఫిల్టర్ కుండలు చేస్తోంది. ఇలాంటి చిన్న కంపెనీలకు నార్వేలోని ఒక ప్రయోగశాల చేయూతనిస్తుందట. వాళ్లు ఒప్పుకుంటే కుండలను అక్కడ పరీక్షిస్తారు, లేకపోతే ఊరి బయట ధర్సీవాలో కుండలు చేసే షెడ్డు మూసేసి ఉద్యోగం చూసుకుంటానంది. నా సైన్సు పదో తరగతితోనే సరి. అయినా విశాఖలో రైలెక్కేశాను.

ఉదయం ఎనిమిదింటికి దిగాను. తెలీబంధాలోని పిన్నివాళ్లింటికి ఆటో అతను రెండొందలన్నాడు. నేను "డేఢ్ సౌ", అంటే నూట యాభై అనగానే "బైఠో దీదీ" అని ఎక్కించుకున్నాడు. ఇంట్లో అడుగుపెట్టేసరికి స్వప్న కుండను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. మూడు నెలలు షెడ్డులో బోరు నీరు పోస్తే లోపల ఎర్రటి పొర పేరుకుంది. కుండ తుప్పును పట్టిందనడానికి ఆ పొరే సాక్ష్యం. ఆ ప్రయోగశాల నుంచి నయా రాయపూర్ వచ్చిన శాస్త్రవేత్తకు చూపిద్దామని ముందురోజు ఇంటికి తెచ్చింది. తెల్లారేసరికి పిన్ని చింతపండూ ఉప్పూ వేసి తోమేసింది!

"దేశంగాని దేశం నుంచి మెహమాన్ వస్తే మురికి కుండ సూపిస్తారేటే? సాఫ్ సేసినాను గదా!" అంది పిన్ని. ఆవిడది శ్రీకాకుళం. బాబాయి రైల్వే ఉద్యోగంతో వచ్చి ముప్ఫై ఏళ్లయినా యాస పోలేదు, హిందీ మాత్రం వచ్చి చేరింది. సంగతి అర్థమయ్యాక పాపం ముఖం చిన్నబోయింది. "నానూ వస్తాను. తప్పు నాదని నానే సెప్తాను" అంటూ చీర మార్చుకుంది.

పదింటికి రానూపోనూ పన్నెండొందలకు కారు మాట్లాడుకుని ఆవిడను కలవడానికి నయా రాయపూర్ బయల్దేరాం. ముప్పావు గంట పట్టింది. రోడ్లు ఎంత వెడల్పో మనుషులు అంత తక్కువ. దారంతా పిన్ని కుండను ఒళ్లోంచి దించలేదు.

ఆ నార్వే శాస్త్రవేత్త పేరు ఇంగ్రిడ్. కుండ చూడగానే "ఇది కొత్తదా?" అంది. స్వప్న జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఇంగ్రిడ్ నవ్వలేదు, కోప్పడలేదు. నీళ్లు తెప్పించి పోసి, గడియారం చూస్తూ కూర్చుంది. ఎర్ర పొరతో మూసుకుపోయి నిన్నటిదాకా చుక్కలు చుక్కలుగా కారిన కుండ కాస్తా కొత్తదానిలా ధార వదిలింది.

"మూసుకుపోతే ఇంటివాళ్లేం చేయాలని మూడుసార్లు మెయిల్ పెట్టాను. మీరు జవాబివ్వలేదు" అంది స్వప్నతో. ఆ పైన పిన్ని వైపు తిరిగి, చింతపండు ఎంత వేశారని అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

"ఎంతేటి? సేతికొచ్చినంత!"

పోయిన సాక్ష్యం పోయినట్టే, మళ్లీ మూడు నెలలు నీళ్లు పోయాలంది ఇంగ్రిడ్. కానీ ఈసారి రెండు చోట్ల, ఇక్కడి షెడ్డులోనూ నార్వే ప్రయోగశాలలోనూ. తోమే పద్ధతి మాత్రం కొలతలతో రాసి పంపాలట. స్వప్న అక్కడే పిన్నిని వాటేసుకుంది.

సాయంత్రం వంటింట్లో పిన్ని త్రాసు ముందేసుకుంది. "బంగారం తూసినట్టు సింతపండు తూయిస్తన్నారేటే!" అని విసుక్కుంటూనే మూడుసార్లు తూచింది. దేశాల మధ్య సహకారమంటే పెద్ద హాళ్లలో సంతకాలనుకునేదాన్ని. ఒకరు విసుగు లేకుండా అడగడం, ఇంకొకరు తమకే తెలియకుండా జవాబు చెప్పడం కూడా అదేనేమో. ఆ వంటింట్లో నాకు కళ్లు చెమర్చాయి. మీరు నయా రాయపూర్ వెళ్తే కారు రానూపోనూ మాట్లాడుకోండి, తిరుగు ప్రయాణానికి ఆటో దొరకడం కష్టం. మా పిన్ని ఇంట్లో దిగితే మాత్రం, మురికిగానే ఉండాల్సినవాటిని పెట్టెలో పెట్టి తాళం వేసుకోండి.