పర్చూరు నుంచి గుంటూరుకు ఒక జపాను పాట

ఫిబ్రవరి 8, శనివారం. గుంటూరు. సాయంత్రం విందులో ఉన్నవారు: నా మేనల్లుడు రాజేష్, కొత్తగా మిర్చి ఎగుమతి మొదలుపెట్టినవాడు, బడిలో లెక్కలు చెబుతూ ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించే అతని చిన్ననాటి స్నేహితుడు విజయ్ కుమార్, జపాను నుంచి మిరపకాయలు కొనడానికి వచ్చిన మోరి గారు, ఆయన వెంట మరో ఇద్దరు, నేను. నేను తప్ప అందరూ ముప్పై దాటి నలభై లోపువాళ్లే. ఈ సంగతి నేను ముందే ఆలోచించి ఉండాల్సింది.

గురువారం రాజేష్ ఫోను చేశాడు. జపాను కంపెనీవాళ్లు గుంటూరులో దిగారని, మరో వ్యాపారి వాళ్లని పొద్దున టిఫిన్ దగ్గర్నుంచీ వదలకుండా తిప్పుతున్నాడని, తనకి దక్కింది శనివారం సాయంత్రం భోజనం ఒక్కటేనని చెప్పాడు. ఆ కాస్త సేపట్లో వాళ్లకి మనసు కుదిరితే ఆదివారం పొద్దున అతని గోడౌనుకి వస్తారు. కుదరకపోతే సరుకు చూడకుండానే కారెక్కి గన్నవరం విమానాశ్రయానికి వెళ్లిపోతారు. అతనికి ఇదే మొదటి విదేశీ బేరం. భోజనం దగ్గర పాటలు పాడుకోవడం వాళ్లకి ఇష్టమట. టీవీలో మాటలు వస్తుంటాయి, సంగీతం వస్తుంటుంది, మైకు పట్టుకుని మనం పాడాలి. కరోకే అంటారు.

“మన చుట్టాల్లో జపానువాళ్లతో పనిచేసింది నువ్వొక్కడివే మావయ్యా. ఏ పాట పెట్టాలో నువ్వే చెప్పు” అన్నాడు.

అది నిజమే. నేను పర్చూరులో పొగాకు కంపెనీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఆ రోజుల్లో ప్రతి సీజనుకీ ఒక జపాను ఆఫీసరు వచ్చి మా గెస్ట్‌హౌసులో దిగేవాడు. కొనుగోళ్లు ముగిసిన రోజు విందులో ఎప్పుడూ ఒకే పాట పాడేవాడు. పాడుతుంటే ఆయన కళ్లు చెమర్చేవి. పాట కాగానే ఆయన వెంట వచ్చినవాళ్లంతా ఒక్కసారిగా లేచి నిలబడేవారు. ఏటా విని విని నాకు అది కంఠతా వచ్చింది. లేచి నిలబడి వినే పాటకంటే గొప్ప పాట ఏ దేశంలోనైనా ఏముంటుంది? దాన్నే మొదట పెట్టమన్నాను. తరవాతి పాటల మాట తరవాత.

శనివారం భోజనం చేసి పన్నెండున్నరకి పర్చూరులో బస్సెక్కాను. చిలకలూరిపేటలో మారాలి. ఈ దారిన వెళ్లేవారికి ఒక మాట: ఈ నెలల్లో కిటికీ పక్క సీటు కోసం పోటీ పడకండి. రోడ్డు పక్కన కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. చూడటానికి ఎర్రటి తివాచీ పరిచినట్టు బాగానే ఉంటుంది కానీ, గాలి తిరిగితే బస్సంతా తుమ్ముతుంది. పేటలో మారాక నా పక్కన ఒక టీచరమ్మ కూర్చుంది. వేటపాలెం జీడిపప్పు పొట్లాలు ఒళ్లో పెట్టుకుని కూతురి దగ్గరికి వెళుతోంది. నేను మరిచిపోకుండా పాట కూనిరాగం తీస్తుంటే కాసేపు విని, ఎవరు రిటైరవుతున్నారండీ అని అడిగింది. ఎవరూ కావడం లేదమ్మా, ఎందుకలా అడిగావు అన్నాను.

“మా మిషన్ స్కూల్లో ఎవరికి సెండాఫ్ ఇచ్చినా ఈ ట్యూనే వాయిస్తారండి. నాకిది వింటే ఏడుపొస్తది” అంది.

ఒక దేశపు రాగం ఇంకో దేశానికి వెళితే దాని పని మారిపోతుందని ఆవిడకి వివరించాను. ఆవిడ తల ఊపి, ఒక పొట్లం విప్పి నాలుగు పలుకులు నా చేతిలో పెట్టింది. జాలితో పెట్టిందని అప్పుడు అనిపించలేదు.

మూడు దాటాక గుంటూరులో దిగాను. రాజేష్ ఒక హోటల్లో చిన్న హాలు తీసుకున్నాడు. కింద జంపఖానా పరిపించి, చెప్పులు గుమ్మం బయటే విడిచేలా ఏర్పాటు చేశాడు. విజయ్ కీబోర్డు బిగించుకుంటున్నాడు. నేను పాట వినిపించగానే అతను రెండు చేతులతో వాయించేసి, మావయ్యగారూ, ఇది వీడ్కోలు ట్యూన్ కదండీ అన్నాడు. బస్సులో చెప్పిందే అతనికీ చెప్పాను. రాజేష్ నా వైపు, అతని వైపు మార్చి మార్చి చూశాడు.

“ఒరేయ్ విజయ్, నువ్వెప్పుడైనా జపానోడితో కలిసి అన్నం తిన్నావా? మావయ్య తిన్నాడు. ఆయన చెప్పినట్టు కానీ” అన్నాడు.

అతిథులు ఆరున్నరకి వచ్చారు. అందరూ బూట్లు విప్పి, వంగి నమస్కారాలు పెట్టి, బాసింపట్టు వేసుకుని మనవాళ్లకంటే సుఖంగా కూర్చున్నారు. పెసర పునుగులు, కోడి వేపుడు వచ్చాయి. మోరి గారు గోంగూర పచ్చడి రెండోసారి వడ్డించుకోవడం చూసి రాజేష్ ముఖం విప్పారింది. ఇదే అదననిపించి నేను సైగ చేశాను. విజయ్ వాయించాడు. నేను లేచి మైకు పట్టుకుని పాడాను.

రెండో చరణం దాకా వెళ్లలేదు. మొదట ఆ ముగ్గురిలో చిన్నవాడు చేతిలో పునుగు ప్లేటులో పెట్టేశాడు. పక్కవాడు మూతి తుడుచుకుని బ్యాగు భుజాన వేసుకున్నాడు. మోరి గారు గోంగూర వైపు ఒకసారి దిగులుగా చూసి లేచారు. ముగ్గురూ గుమ్మం దగ్గరికి వెళ్లి బూట్లు వెతుక్కుంటున్నారు. లేచి నిలబడ్డారు కదా, గౌరవమేననుకుని నేను గొంతు ఇంకా పెంచాను.

రాజేష్ ముఖం పాలిపోయింది. పరుగున వెళ్లి గుమ్మానికి అడ్డం నిలబడి, వచ్చిన ఇంగ్లీషులో ఏం తప్పు జరిగిందని అడిగాడు. మోరి గారు ఒక బూటు తొడుక్కుని, మరొకటి చేతిలో పట్టుకుని, హాలు మూసే వేళయిందేమో అనుకున్నామన్నారు. వాళ్ల దేశంలో సాయంత్రం దుకాణాలు మూసేముందు ఈ రాగమే వేస్తారట. అది వినబడితే కొనేవాళ్లు కొని, చూసేవాళ్లు చూడటం ఆపి, ద్వారం దారి పడతారట. చిన్నప్పటినుంచీ అలవాటై, కాళ్లు తమంతట తామే లేస్తాయన్నారు.

అప్పుడు నాకు గెస్ట్‌హౌసు గుర్తొచ్చింది. ఆ ఆఫీసరు ఏటా పాడింది ఆఖరి రోజున. వాళ్లు లేచి నిలబడింది వెళ్లిపోవడానికి.

“విస్తరి వెయ్యకముందే మంగళం పాడించావు కదా మావయ్యా” అన్నాడు రాజేష్. కోపంగా అన్నా బాగుండేది, నీరసంగా అన్నాడు.

నాకు తోచింది చెప్పాను. మా ఊళ్లలో కూడా భజన చివర ఒక పాట ఉంటుందని, అది ఎత్తుకోగానే జనం చెప్పుల కోసం చూస్తారని, దాన్ని నేను పొరపాటున మొదట పాడానని. నా ఇంగ్లీషుకి విజయ్ అభినయం కూడా తోడైంది. మోరి గారు తనవాళ్లకి జపానులో చెప్పారు. చిన్నవాడు గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ముగ్గురికీ పాకింది. బూట్లు మళ్లీ విప్పారు.

పాటల ఎంపిక నుంచి నేను తప్పుకున్నాను. చిన్నవాడు టీవీలో ఏదో వెతికి ఒక పాట పెట్టాడు. గంతులు వేసే సంగీతం, మధ్యలో అరుపులు. ఇదేం పాటరా అని నేను అనుకునేలోగా విజయ్, రాజేష్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఒరేయ్, మన కార్టూన్‌రా” అన్నాడు విజయ్.

వీళ్లు బడి నుంచి వచ్చి బ్యాగులు విసిరేసి టీవీ ముందు కూర్చున్న రోజుల్లో అది తెలుగులో వచ్చేదట. అక్కడ వాళ్లూ అదే వయసులో, అదే కార్టూన్ ముందు కూర్చునేవారట. వాళ్లు జపానులో, వీళ్లు తెలుగులో, ఒకే పాట ఎత్తుకున్నారు. అరవాల్సిన చోట ఐదుగురూ కలిసి అరిచారు. హోటలు మేనేజరు తొంగిచూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. మోరి గారు రాజేష్ భుజం మీద చెయ్యి వేసి, మిగిలిన గోంగూర కూడా పూర్తి చేశారు. ముందుముందు ఇలాంటి అవసరం పడేవారికి నేను చెప్పగలిగింది ఇంతే: ముప్పైల్లో ఉన్న మగవాళ్లకి పాట ఎంచాలంటే వాళ్ల వ్యాపారాన్ని, హోదాని చూడకూడదు. పదేళ్లప్పుడు ఏం చూసి గంతులేశారో కనుక్కోవాలి.

అయినా గోడౌను సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ రాత్రి రాజేష్ ఇంట్లో పడుకున్నాను. అతను పక్క గదిలో తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి గోడౌను దగ్గర కారాగింది. ముగ్గురూ దిగారు. రాజేష్ టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, విప్పించాడు. కాయ తుంచి వాసన చూశారు, గింజ చూశారు, ఘాటుకి కళ్లనీళ్లు పెట్టుకుని దగ్గారు. మళ్లీ చూశారు. చివరికి మోరి గారు మొదటి లోడు పంపమని చెప్పి రాజేష్ చెయ్యి పట్టుకున్నారు.

డ్రైవరు వచ్చి విమానానికి ఆలస్యమవుతోందని రెండుసార్లు హెచ్చరించాడు. అయినా చిన్నవాడు ఇంకా బస్తాల మధ్య ఫోటోలు తీసుకుంటూనే ఉన్నాడు. అప్పుడు మోరి గారు నా ముందుకి వచ్చి వంగి నమస్కరించి, దయచేసి ఆ పాట పాడమని అడిగారు. విజయ్ చర్చికి వెళ్లిపోయాడు కాబట్టి సంగీతం లేకుండానే ఎత్తుకున్నాను. ముగ్గురూ నవ్వుతూ వెళ్లి కారెక్కారు. ఈసారి ఎవరూ వాళ్లకి అడ్డం నిలబడలేదు.

నేను పదకొండు గంటల బస్సెక్కాను. ప్రయాణం మొత్తం మీద నాకు కలిగిన అభిప్రాయం: పాట ఎంచడం కంటే దాని వేళ ఎంచడం కష్టం. పేట ఇంకా రాకముందే నాకు తెలియకుండా ఆ రాగం నోట్లోకి వచ్చింది. రెండో చరణంలో ఉండగా పక్క సీటాయన కాళ్లు ముడుచుకుని దారి ఇస్తూ, దిగుతున్నారా అండీ అన్నాడు. చూసుకుంటే నేను అప్పటికే సంచి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను.